గాలి పడవకు సొంత కన్సోల్: ఏది కట్టాలి, తీగలు ఎలా వేయాలి

మూడు నాలుగు మీటర్ల గాలి పడవకు, అంటే గుడ్డ ట్యూబుల్లో గాలి నింపి వాడే మోటారు పడవకు, సొంతంగా కన్సోల్ (స్టీరింగో, పరికరాలో అమర్చుకునే పెట్టె) కట్టుకోవాలనుకునేవారు సాధారణంగా ముందు ఆలోచించేది దేనితో కట్టాలా అని. ప్లైవుడ్డా, అల్యూమినియమా, ప్లాస్టిక్ పలకా? నా దృష్టిలో అది మూడో ప్రశ్న. ఆ కన్సోల్ దగ్గర కూర్చుని పడవను నడపాలా, లేక పరికరాలు, బ్యాటరీ, స్విచ్చులు పెట్టుకునే పెట్టె ఉంటే చాలా అన్నది మొదటి ప్రశ్న. దాన్ని మోయబోయే నేల ఎలాంటిదన్నది రెండోది. ఈ రెండూ తేలితే మూడోదానికి జవాబు వెతుక్కోనక్కర్లేదు. క్రమం తప్పినవారు పెట్టెను అందంగా కట్టి, దాన్ని బిగించే చోటు లేక అవస్థ పడతారు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. చేతిలో ఉన్న డబ్బూ, ఓపికా పెట్టె మీద కంటే తీగల మీద ఎక్కువ పెట్టండి. పెట్టె పగిలితే పడవ తేలుతూనే ఉంటుంది. తీగ కాలితే నిప్పు, పెట్రోలు, గాలి నిండిన గుడ్డ ఒక్కచోటే ఉన్నట్లు.

నడిపే కన్సోలా, పరికరాల పెట్టా?

స్టీరింగ్ చక్రం ఉన్న కన్సోల్‌తో వచ్చే అసలు లాభం సౌకర్యం కాదు, బరువు చోటు మారడం. చిన్న గాలి పడవలో మోటారు, ఇంధన డబ్బా, నడిపే మనిషి ముగ్గురూ వెనుకే చేరితే వేగం పెంచగానే ముక్కు ఆకాశం వైపు లేస్తుంది. ఎదుట ఏముందో కనిపించదు, పడవ నీటి మీదకు ఎక్కి జారడానికి ఆలస్యం చేస్తుంది. మనిషి ఒక మీటరు ముందుకు జరిగితే ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

దానికి చెల్లించే మూల్యం తక్కువేమీ కాదు. ముందు మీ మోటారు అందుకు ఒప్పుకోవాలి. స్టీరింగ్ కేబుల్ దూరడానికి మోటారు బిగింపులో తగిన గొట్టం ఉండాలి. థ్రాటిల్‌నూ గేరునూ దూరం నుంచి నడిపే కిట్ ఆ మోడల్‌కు దొరకాలి. చేతి పిడితో వచ్చే చిన్న మోటార్లు చాలావాటికి ఈ ఏర్పాటు ఉండదు. చక్రం, దాని వెనుక గేరు పెట్టె, కేబుళ్లు, థ్రాటిల్ పెట్టె అన్నీ కలిపి పది కిలోల వరకు బరువు చేరుతుంది. స్టీరింగ్ కేబుల్‌ను ఎక్కడా బిగుతుగా మడవకూడదు. సుమారు 20 సెం.మీ. వ్యాసార్థం కంటే చిన్న వంపు తిప్పితే చక్రం బరువెక్కుతుంది, కేబుల్ లోపల అరిగిపోతుంది. ఇరుకు పడవలో ఆ వంపుకు చోటు దొరకడమే కష్టం. పడవను ప్రతిసారీ గాలి తీసి చుట్టి తీసుకెళ్లేవారికి ఈ కేబుళ్లన్నీ విప్పడం, మళ్లీ కట్టడం అదనపు పని.

తాళ్లూ కప్పీలతో స్టీరింగ్ కట్టుకునే పాత పద్ధతి ఇప్పటికీ కొందరికి ఆకర్షణీయంగా కనిపిస్తుంది, చౌక కాబట్టి. వేగంగా వెళ్లే పడవకు దాన్ని నేను సిఫారసు చేయను. తాడు సాగుతుంది, సాగిన తాడు కప్పీ నుంచి జారుతుంది. మలుపు మధ్యలో అది జరిగితే మోటారు తనకు ఇష్టమొచ్చిన వైపు తిరుగుతుంది.

రెండింటి మధ్య ఒక దారి ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. మోటారు పిడికి పొడిగింపు గొట్టం తగిలించుకుని, మనిషి పడవ మధ్యలో కూర్చుని నడపడం. ముందున్న చిన్న పెట్టెలో చేపల సోనార్, జీపీఎస్, దీపాల స్విచ్చులు, బ్యాటరీ ఉంటాయి. మనిషి బరువూ, బ్యాటరీ బరువూ ముందుకు వస్తాయి, కేబుళ్ల తలనొప్పి ఉండదు. 15 హార్స్‌పవర్ లోపు మోటారు, చుట్టి పెట్టుకునే పడవ అయితే నా ఓటు దీనికే. గట్టి అడుగు ఉన్న పడవ, ట్రైలరు మీదే నిలిపి ఉంచుకునే వీలు, 20 హార్స్‌పవర్ లేదా అంతకంటే పెద్ద మోటారు ఉన్నవారు చక్రం వైపు వెళ్లవచ్చు, అక్కడ దాని ఖర్చుకు న్యాయం జరుగుతుంది.

ఏది ఎంచుకున్నా మోటారును ఆపే తాడు స్విచ్చి (ఒంటికి తగిలించుకున్న తాడు ఊడితే మోటారును ఆపేది) మీరు కూర్చునే చోటికి అందాలి. పొడిగింపు గొట్టం పెట్టుకుని తాడు మాత్రం పాత పొడవులో ఉంచితే, జనం దాన్ని తగిలించుకోవడమే మానేస్తారు. నీళ్లలో పడిన మనిషి చుట్టూ మోటారు నడుస్తున్న ఖాళీ పడవ తిరగడం ఎంత భయంకరమో చెప్పనక్కర్లేదు.

నేల ఏం చెబుతుంది?

గాలి నేల ఉంటే రంధ్రం అనే మాటే ఎత్తకూడదు. ఆ నేల లోపల పై గుడ్డనూ కింది గుడ్డనూ కలిపే వేల దారాలు ఉంటాయి. సుమారు 0.55 నుంచి 0.7 బార్ పీడనం వద్ద అది పలకలా గట్టిపడుతుంది. దాని మీద కన్సోల్ నిలవాలంటే డీ రింగులున్న ప్యాచులను అంటించి, పట్టీలతో నాలుగు మూలలా ఏటవాలుగా లాగి కట్టాలి. నిటారుగా కిందికి మాత్రమే లాగితే పెట్టె ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఇక్కడ జిగురు ఎంపికలో పొరపాటుకు తావు లేదు. పీవీసీ గుడ్డకు రెండు భాగాల పాలీయూరిథేన్ జిగురు, హైపలాన్ (రబ్బరు పూత) గుడ్డకు రెండు భాగాల నియోప్రీన్ జిగురు. ఒకదాని జిగురు మరోదానికి వాడితే ఇంట్లో పట్టినట్లే ఉండి, ఎండలో ఊడిపోతుంది. పడవ ఏ గుడ్డదో తెలియకుండా డబ్బా మూత తీయవద్దు.

గాలి నేల మీద చక్రమున్న కన్సోల్ పెట్టాలంటే పెట్టె కింద ఒక వెడల్పాటి పలక వేసి, అది రెండు ట్యూబుల మధ్య ఒదిగేలా కోసుకోవాలి. పలక అంచులు గుండ్రంగా చెక్కి, ట్యూబుకు తగిలే చోట మెత్తని పట్టీ అంటించకపోతే అదే పలక కొద్ది రోజుల్లో ట్యూబును ఒరిపిడితో తినేస్తుంది. ఇంత చేసినా చక్రాన్ని గట్టిగా తిప్పినప్పుడు పెట్టె కొంచెం కదులుతుంది. అందుకే గాలి నేలకు నడిపే కన్సోల్ వద్దనే నేను చెబుతాను.

అల్యూమినియం లేదా ప్లైవుడ్ పలకలు జతకూడే నేల అయితే బోల్టులు వేయవచ్చు. అయితే ఆ పలకల కింద గాలి నిండిన కీల్ గొట్టం (పడవ అడుగున ముక్కు నుంచి వెనక్కు నడిమధ్యగా పోయేది), అడుగు గుడ్డ ఉంటాయన్నది మరిచిపోకూడదు. బోల్టు తలను కింది వైపు పెట్టి, పలకలోకి దిగేలా చదును చేసి, దాని మీద గుడ్డ ప్యాచు వేయాలి. నట్టు కిందికి పొడుచుకొస్తే తొలి అలకే అది కీల్‌ను గుచ్చుతుంది. ఉప్పునీటిలో అల్యూమినియం పలకకు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు నేరుగా తగిలితే రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య మొదలై అల్యూమినియం పొడిగా రాలుతుంది. మధ్యలో నైలాన్ వాషరూ, తుప్పు ఆపే పేస్టూ పెట్టాలి. పట్టీ పట్టీలుగా చుట్టుకునే నేల మీద పరికరాల పెట్టె తప్ప ఏదీ వద్దు. గట్టి ఫైబర్ అడుగు ఉన్న పడవలో కావలసినంత స్వేచ్ఛ ఉంది, రంధ్రాలను సీలెంటుతో మూయడం ఒక్కటే జాగ్రత్త.

రంధ్రం వేసే ముందు ఒక పరీక్ష చేయండి. కన్సోలూ బ్యాటరీ కలిపి ఎంత బరువు ఉంటాయో లెక్కగట్టి, అంత బరువున్న నీళ్ల డబ్బాలను అనుకున్న చోట పట్టీలతో కట్టి, మీరు కూర్చోబోయే చోట కూర్చుని, పడవను పూర్తి వేగంతో నడిపి చూడండి. ముక్కు మరీ కిందికి వాలితే అలల్లో నీళ్లు చిమ్ముతాయి, అప్పుడు డబ్బాలను వెనక్కు జరిపి మళ్లీ చూడవచ్చు. తయారీదారు పలక మీద రాసిన గరిష్ఠ బరువులో కన్సోల్ కూడా భాగమే. పెట్టె 20 కిలోలైతే ఆ మేరకు మనుషులూ సామానూ తగ్గాలి.

దేనితో కట్టాలి?

40 సెం.మీ. వెడల్పు, 35 సెం.మీ. లోతు, 70 సెం.మీ. ఎత్తున్న పెట్టెను అనుకుందాం. అడుగు వదిలేస్తే పలకల విస్తీర్ణం సుమారు 1.2 చదరపు మీటర్లు. 9 మి.మీ. ఓకూమే (తేలికపాటి చెక్క) మెరైన్ ప్లైవుడ్‌తో కడితే చెక్క బరువు ఐదున్నర కిలోలు, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెజిన్), రంగు కలిపి ఏడు దాకా. 2 మి.మీ. అల్యూమినియం రేకుతో ఆరున్నర. 12 మి.మీ. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పలకతో పదమూడున్నర దాటుతుంది. మూడు మీటర్ల పడవలో ఈ తేడా చిన్నది కాదు.

హెచ్‌డీపీఈ కుళ్లదు, రంగు అక్కర్లేదు, మామూలు చెక్క పని రంపంతోనే కోయవచ్చు. అందుకే జనం దానివైపు మొగ్గుతారు. దాని లోపం ఏమిటంటే జిగురుగానీ రంగుగానీ దానికి అంటవు. ప్రతి జోడింపూ స్క్రూలతోనే చేయాలి, ఎండకు పలక బాగా సాగుతుంది కాబట్టి రంధ్రాలు కాస్త వదులుగా ఉంచాలి. పెద్ద పెట్టెకు కాకుండా స్విచ్చుల పలకకు, చిన్న మూతలకు దాన్ని వాడటం మంచిది.

అల్యూమినియం బలమైనది, తేలికైనది. మడిచే యంత్రం, వెల్డింగ్ చేయగల మనిషి అందుబాటులో ఉంటే దానికి సాటి లేదు. అవి లేకపోతే కోణపు పట్టీలు, రివెట్లతో కట్టవచ్చు, కానీ ప్రతి అంచునూ అరగదీసి, రబ్బరు అంచు తొడగాలి. గాలి పడవలో పదునైన అంచుకు చోటు లేదు.

ఫోము పలక మీద ఫైబర్ గ్లాసు వేయడం అన్నిటికంటే తేలికైన పెట్టెను ఇస్తుంది, నచ్చిన వంపులు తిప్పవచ్చు. ఒక్క హెచ్చరిక: పాలిస్టైరిన్ ఫోము మీద పాలియెస్టర్ రెజిన్ పోస్తే ఫోము కరిగిపోతుంది. దానికి ఎపాక్సీనే వాడాలి.

ఇంట్లో మొదటిసారి కట్టేవారికి నేను ప్లైవుడ్‌నే సూచిస్తాను, ఎందుకంటే అది తప్పులను క్షమిస్తుంది. కోత రెండు మిల్లీమీటర్లు తప్పినా ఎపాక్సీ ముద్దతో పూడ్చవచ్చు, స్విచ్చి చోటు మారితే పాత రంధ్రాన్ని మూసి కొత్తది వేయవచ్చు. బీఎస్ 1088 ప్రమాణానికి తగిన పలక అయితే లోపలి పొరల్లో ఖాళీలు ఉండవు. ప్లైవుడ్ చావు ఎప్పుడూ అంచుల నుంచే మొదలవుతుంది. కోసిన ప్రతి అంచుకూ, వేసిన ప్రతి రంధ్రం లోపలి గోడకూ ఎపాక్సీ పట్టించాలి. ఎపాక్సీ ఎండకు తట్టుకోదు కాబట్టి పైన రంగు లేదా వార్నిష్ తప్పనిసరి.

పరికరాల పెట్టె ఒక్కటే కావాలంటే కట్టనే కట్టకండి. మూతకు రబ్బరు సీలున్న గట్టి ప్లాస్టిక్ పెట్టె కొని, పలుచని గోడ వంగకుండా లోపల ఒక ప్లైవుడ్ ముక్క బిగించి, దాని మీద స్విచ్చులు అమర్చుకుంటే సరిపోతుంది. అందంలో వెనకబడుతుంది, పనిలో కాదు.

బ్యాటరీ

రోజుకు ఎంత విద్యుత్ కావాలో కాగితం మీద రాసుకోండి. సోనార్‌కు 1 ఆంపియర్ చొప్పున ఆరు గంటలు, ఎల్‌ఈడీ దీపాలకు అర ఆంపియర్ రెండు గంటలు, వింటూ ఉండే రేడియోకు అర ఆంపియర్ ఆరు గంటలు. మొత్తం 10 ఆంపియర్ గంటలు. సీసం ఏజీఎం బ్యాటరీని (యాసిడ్ ఒలకకుండా మూసి ఉండే రకం) సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి 20 ఆంపియర్ గంటలది కావాలి, ఆరు కిలోలు ఉంటుంది. అదే సామర్థ్యం గల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ రెండున్నర కిలోలే ఉంటుంది, 80 శాతం వరకు నిశ్చింతగా వాడవచ్చు. స్టార్టర్ లేని చిన్న మోటారుకు లిథియమే సరైనది. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు మాత్రం దాన్ని చార్జ్ చేయకూడదు.

మోటారును బటనుతో స్టార్ట్ చేయాలంటే కథ వేరు. చిన్న లిథియం బ్యాటరీల్లోని రక్షణ సర్క్యూటు స్టార్టర్ అడిగే భారీ కరెంటును చూసి తనంతట తానే ఆగిపోతుంది. అక్కడ ఏజీఎం లేదా స్టార్టింగ్ కోసమే చేసిన లిథియం తీసుకోవాలి. యాసిడ్ ద్రవం పోసే పాత తరహా బ్యాటరీని గాలి పడవలోకి తేవద్దు. ఒలికితే గుడ్డ మీదే ఒలుకుతుంది, చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది.

ఇంధన డబ్బాను మాత్రం బ్యాటరీ ఉన్న పెట్టెలో ఎప్పుడూ పెట్టకండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, పెట్టె అడుగున పేరుకుంటుంది. మామూలు స్విచ్చి వేసిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ పుడుతుంది. డబ్బా ఉండాల్సింది గాలి ఆడే బయటి నేల మీద.

తీగలు

మొదటి ఎంపిక, మామూలు రాగి తీగా, కళాయి పూసిన రాగి తీగా అన్నది. తేమ తీగ కొసలోంచి లోపలికి పాకుతుంది. మామూలు రాగి నల్లబడి, పైకి తొడుగు బాగున్నా లోపల నిరోధం పెరుగుతుంది. ఉప్పునీటిలో తిరిగేవారు కళాయి తీగే కొనాలి. మంచినీటి చెరువుకే పరిమితమైతే మామూలు తీగతో గడిపేయవచ్చు, కొసలు బాగా మూస్తేనే. ఏదైనా సన్నని పోగులు ఎక్కువగా ఉన్న మెత్తని తీగ కావాలి. గోడల్లో వేసే ఒంటి పోగు తీగ అదురుకు విరుగుతుంది.

మందం విషయంలో అంచనాలు వద్దు, లెక్క సులువు. రాగి నిరోధకత 0.0172ను పోయి వచ్చే మొత్తం పొడవుతో (మీటర్లలో) హెచ్చించి, తీగ వైశాల్యంతో (చదరపు మి.మీ.లో) భాగించి, వచ్చినదాన్ని కరెంటుతో హెచ్చిస్తే దారిలో పోయే వోల్టులు తెలుస్తాయి. బ్యాటరీకి నాలుగు మీటర్ల దూరంలో 5 ఆంపియర్ల పంపు ఉందనుకోండి, మొత్తం పొడవు ఎనిమిది మీటర్లు. 1.5 చదరపు మి.మీ. తీగలో 0.46 వోల్టులు పోతాయి, అంటే 12 వోల్టుల్లో దాదాపు 4 శాతం. 2.5 చదరపు మి.మీ. తీగలో 0.28 వోల్టులు, 2.3 శాతం. దీపాలు, పంపు, రేడియో వంటి ముఖ్యమైన వాటికి 3 శాతం దాటకూడదని పెట్టుకుంటే రెండోదే కొనాలి. అర ఆంపియర్ దీపానికి లెక్క ప్రకారం వెంట్రుక లాంటి తీగ చాలు, కానీ లాగితే తెగకుండా ఉండాలి కాబట్టి నేను 1.5 కంటే సన్నంగా పోను.

ఫ్యూజు ఉన్నది పరికరాన్ని కాపాడటానికని చాలామంది అనుకుంటారు. అది ముందుగా కాపాడేది తీగను. అందుకే ప్రధాన ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, స్విచ్చుల పలక దగ్గర కాదు. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ వారి ఈ-11 ప్రమాణం దీనికి మూల నియమంగా 7 అంగుళాలు, అంటే సుమారు 18 సెం.మీ. దూరం పెట్టింది. స్టార్టర్ మోటారుకు వెళ్లే లావు కేబుళ్లకు దీని నుంచి మినహాయింపు ఉంది. ఆ తరువాత ప్రతి శాఖకూ దాని తీగకు తగ్గ ఫ్యూజు వేయాలి. బ్లేడు ఫ్యూజులా, సర్క్యూట్ బ్రేకర్లా అంటే, నాలుగైదు శాఖలున్న చిన్న పెట్టెకు మూతున్న బ్లేడు ఫ్యూజుల బ్లాకు చాలు. తేలికైనది, ఏది పోయిందో కంటికి కనిపిస్తుంది, అదనపు ఫ్యూజులు మూతలోనే పెట్టుకోవచ్చు. నెగటివ్ తీగలన్నీ ఒకే పట్టీ మీదకు విడివిడిగా రావాలి. ఒక పరికరం నుంచి మరోదానికి గొలుసులా కలుపుకుంటూ పోతే ఒక వదులు స్క్రూతో అన్నీ ఆగిపోతాయి.

నీటి మట్టాన్ని బట్టి తనంతట తానే తిరిగే పంపు ఉంటే దాన్ని ప్రధాన స్విచ్చికి ముందే, సొంత ఫ్యూజుతో కలపండి. స్విచ్చి ఆపి ఒడ్డుకు వెళ్లినప్పుడే దాని అవసరం.

జోడింపుల్లో టంకమా, క్రింపింగా (లోహపు టెర్మినల్‌ను తీగ మీద పట్టకారుతో నొక్కి బిగించడం)? క్రింపింగే, సందేహం లేదు. టంకం పోగుల మధ్యకు పాకి తీగను కడ్డీలా చేస్తుంది, ఆ కడ్డీ ఆగిన చోట అదురుకు తీగ తెగుతుంది. లోపల జిగురు పూత ఉండి వేడికి ముడుచుకునే గొట్టంతో వచ్చే టెర్మినళ్లు, పూర్తిగా నొక్కితేగానీ వదలని ర్యాచెట్ పట్టకారు కొనండి. మొత్తం పనిలో ఒక్క పనిముట్టు మీద ఖర్చు పెట్టగలిగితే అది ఈ పట్టకారు మీదే పెట్టాలి. ప్రతి జోడింపునూ చేత్తో గట్టిగా లాగి చూడండి, ఊడేది ఇంట్లోనే ఊడాలి.

చుట్టి పెట్టుకునే పడవకు కన్సోల్ నుంచి బయటికి పోయే తీగలన్నీ ఒకే బహుళ పిన్నుల ప్లగ్గు గుండా పోతే పెట్టెను ఎత్తి తీసుకెళ్లడం క్షణాల పని. తిప్పి పెడితే దూరని, రబ్బరు సీలున్న ప్లగ్గు తీసుకోండి. కరెంటు వచ్చే వైపు పిన్నులు లోపలికి దాగి ఉండాలి, లేదంటే విప్పిన ప్లగ్గు లోహానికి తగిలి షార్ట్ అవుతుంది. రేడియోను ఈ ప్లగ్గు గుండా పంపవద్దు. 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ (పడవల మధ్య మాటలకు వాడే రేడియో) మాట్లాడేటప్పుడు 5, 6 ఆంపియర్లు లాగుతుంది, సన్నని పిన్ను దగ్గర వోల్టేజీ పడిపోతుంది. దానికి ఫ్యూజు బ్లాకు నుంచి నేరుగా తీగ వేయండి. రేడియో స్పీకరులో అయస్కాంతం ఉంటుంది కాబట్టి దిక్సూచిని దానికి దూరంగా ఉంచి, దిక్సూచి దగ్గరగా పోయే జంట తీగలను మెలిపెట్టండి.

స్విచ్చుల మీద ఐపీ67 (దుమ్మూ నీరూ చొరబడవని చెప్పే గుర్తు) అని ఉన్నా చాలాసార్లు ఆ రక్షణ ముందు ముఖానికే, వెనుక టెర్మినళ్లకు కాదు. పెట్టె లోపలికి నీరు చేరకుండా చూడటం మీ పనే. తీగ లోపలికి దూరే చోట ముందు కిందికి వంచి, మళ్లీ పైకి తీసుకెళ్తే తీగ వెంట జారే నీటి బొట్టు వంపు దగ్గరే రాలిపోతుంది.

దీపాలు

1972 నాటి అంతర్జాతీయ సముద్ర నియమాల ప్రకారం 7 మీటర్ల లోపు ఉండి, గరిష్ఠ వేగం 7 నాట్లు (గంటకు సుమారు 13 కి.మీ.) దాటని మోటారు పడవకు చుట్టూ కనిపించే తెల్ల దీపం ఒకటి చాలు, వీలైతే పక్క దీపాలు కూడా పెట్టాలి. నీటి మీద జారే పడవ 7 నాట్లు సులువుగా దాటుతుంది. కాబట్టి ఎడమకు ఎరుపు, కుడికి ఆకుపచ్చ తప్పనిసరి. ఒక్కోటి ఎదురు నుంచి పక్కకు 112.5 డిగ్రీల మేర కనిపించాలి. తెల్ల దీపం వాటికంటే కనీసం ఒక మీటరు ఎత్తున ఉండాలి.

పక్క దీపాలను కన్సోల్ ముఖం మీద పెడితే ముందు కూర్చున్నవారి శరీరం వాటిని కప్పేస్తుంది. రెండు రంగులూ కలిసిన దీపాన్ని ముక్కు దగ్గర ప్యాచు మీద నిలపడం మేలు. తెల్ల దీపపు కర్రను కన్సోల్‌కు బిగిస్తే ఆ వెలుగు మీ కళ్లలోనే పడి చీకట్లో ఎదుట ఏమీ కనిపించదు. దాన్ని మోటారు నిలిచే వెనుక పలక మీద, మీ తల దాటే ఎత్తులో పెట్టండి.

అన్నీ బిగించాక దీపాలు, పంపు, రేడియో ఒకేసారి నడిపిస్తూ చివరి దీపం దగ్గరా, బ్యాటరీ దగ్గరా మీటరుతో వోల్టేజీ కొలవండి. తేడా 0.36 వోల్టులు దాటితే ఆ దారిలో ఏదో ఒక జోడింపు సరిగా లేదు. టెర్మినళ్లను చేత్తో తాకి చూస్తే వెచ్చగా ఉన్నదే అది. మొదటి కొన్ని ప్రయాణాల తరువాత ప్రతి స్క్రూనూ మరోసారి బిగించండి, ప్లైవుడ్‌లోనైనా ప్లాస్టిక్‌లోనైనా అవి మొదట్లోనే వదులవుతాయి.